సింగరాయకొండకు ఒక చీర, ఒక అఫిడవిట్

మాలాగా తాడేపల్లిలో ఉండేవాళ్ళు సింగరాయకొండ వెళ్ళాలంటే కృష్ణ దాటి విజయవాడలో రైలెక్కుతారు. మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడుంటారు. మేము మాత్రం పల్నాడు చుట్టి వెళ్ళాం. ఎందుకు చుట్టి వెళ్ళామో చెబితే ఈ ప్రయాణం దేనికోసమో కూడా తెలుస్తుంది.

మొన్న శివరాత్రికి కాస్త ముందు, జ్యోతి అనే హిజ్రాను ఒక పోలీసు స్టేషన్‌లో రాత్రంతా ఉంచి, జుట్టు కోసి పంపారు. బస్టాండులో నిలబడడం తప్ప ఆమె చేసిందేమీ లేదు. కేసు నడవాల్సి ఉంది గనుక ఆ ఊరి పేరు రాయొద్దని లాయరు వసుంధర గారు చెప్పారు. వినుకొండకు దగ్గరలో ఒక మండల కేంద్రం అనుకోండి చాలు. జ్యోతి ఫిర్యాదు ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా, కొండ మీద దేవుడికి మొక్కుకుని ఆమే తలనీలాలు ఇచ్చిందని ఒక కాగితం తయారుచేశారు. దాని కింద సాక్షి సంతకం ఆమె కన్నతండ్రిది. పద్నాలుగేళ్ళ వయసులో ఆమెను ఇంట్లోంచి గెంటేసిన తండ్రి, ఆమె మొక్కు సంగతి మాత్రం తనకు తెలుసన్నాడు.

వసుంధర గారు హైకోర్టులో రిట్ వేయాలని నిశ్చయించారు. దానికి రెండు కావాలి. ఆ సాయంత్రం జ్యోతిని నిండు జడతో చూసిన మనిషి ఒకరు కావాలి. జ్యోతి ప్రమాణం చేసి సంతకం పెట్టిన అఫిడవిట్ కావాలి. మొదటిది ఆ మండల కేంద్రంలో, రెండోది జ్యోతి ఉండే సింగరాయకొండలో. అందుకే చుట్టుదారి.

ఇక నేనెవరినో చెప్పాలి. గుంటూరు కోర్టు ఎదుట నాకు టైపు సెంటరు ఉంది, వసుంధర గారి కాగితాలన్నీ టైపు చేసేది నేనే. నన్ను ‘పిటిషన్ కోటేశ్వరరావు’ అంటారు. ఆ పేరు మొదట అన్నవాడెవడో, ఏ టీ బంకు దగ్గర అన్నాడో నాకు గుర్తుంది. కరెంటు ఆఫీసు, మునిసిపాలిటీ, ఆర్టీసీ, అన్నిటి మీదా అర్జీలు పెట్టాను. కొన్ని గెలిచాను. నాకు పెళ్ళి కాలేదు, చేసుకోలేదు. నేను మగవాళ్ళను ఇష్టపడే మగవాణ్ణి. ఈ వాక్యం పత్రికకు రాయడం ఇదే మొదటిసారి. పదేళ్ళ కిందట ఒక అద్దె ఇంటాయన ఈ సంగతి ఎవరో చెబితే విని, ‘మా ఇంట్లో ఆడపిల్లలున్నారు, ఖాళీ చెయ్యి’ అన్నాడు. నావల్ల ఆడపిల్లలకు వచ్చే ప్రమాదమేమిటో ఆయన ఇప్పటికీ చెప్పలేదు. ఏటా ఒకసారి కార్డు రాసి అడుగుతూనే ఉన్నాను. మాలాంటివాళ్ళను నేరస్తులనే ఆ పాత 377 సెక్షను సంగతి ఢిల్లీ హైకోర్టులో వాదనలు ముగిసి తీర్పు కోసం ఆగి ఉంది. ఇది రాసేనాటికి రాలేదు. వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునే స్వభావం నాకూ లేదు, వసుంధర గారికీ లేదు.

మంగళగిరిలో చీర

బస్సు మంగళగిరిలో ఆగినప్పుడు వసుంధర గారు దిగి చీర కొందామన్నారు. ఆవిడకు యాభై దాటాయి. ఒకరింటికి వట్టి చేతులతో వెళ్ళడం ఎరగని మనిషి.

“జుట్టు పోయిన పిల్లండీ. వెళ్ళగానే కాగితం మీద సంతకం పెట్టమంటే ఏం బావుంటుంది? బొట్టుపెట్టి చీర పెడదాం,” అన్నారు.

రంగు నేను ఎంచాను. నిమ్మపండు రంగు మీద ఎర్ర అంచు. కొట్టాయన మా ఇద్దరినీ చూసి, “అమ్మాయి పెళ్ళికాండీ?” అన్నాడు. నేను జవాబు చెప్పబోతే ఆవిడ నా చెయ్యి నొక్కి డబ్బులు ఇచ్చేశారు. ఈ చీర మాకు చేసిన నిర్వాకం ముందు ముందు చెబుతాను.

బస్సులో కోర్టు

గుంటూరు మిరప యార్డు పక్కగా పోతుంటే బస్సు మొత్తం ఒక్కసారిగా తుమ్మింది. మాకు అలవాటే. సీజనులో గుంటూరు వాళ్ళకు దుఃఖం లేకపోయినా కళ్ళు తడిగానే ఉంటాయి. నరసరావుపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా కల్లాలు. పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి, తలగుడ్డ ముక్కు మీదకు లాక్కున్న ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. రంగు తప్పిన కాయల్ని పక్కకు విసిరే వేగం చూస్తే చూపు నిలవదు. పత్తి చేలల్లో ఆఖరి తీత అయిపోయి మోళ్ళు నిలబడి ఉన్నాయి.

మా ముందు సీట్లో ఒక రైతు వెనక్కి తిరిగి కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. మా వైపు ఇది మర్యాద. అడక్కపోతే గర్వం అనుకుంటారు.

“ఏ ఊరండీ మీది? పిల్లలెంతమంది?”

“పెళ్ళి కాలేదు,” అన్నాను.

“అయ్యో! జాతకంలో ఏమన్నా దోషమాండీ?”

“దోషం లేదు. ఇష్టం లేదు.”

ఆయన నన్ను కాసేపు కల్లంలో కాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. తాలులో వేశాడని అర్థమైంది. వెంటనే వసుంధర గారి వైపు తిరిగాడు. ఆవిడ లాయరని తెలిశాక ఇక నా పెళ్ళి ఎవరికి కావాలి? పత్తి విత్తనాలు మొలకెత్తలేదు, కంపెనీ మీద కేసు వెయ్యొచ్చా? వెనక సీటామెకు మొగుడు మనోవర్తి ఇవ్వడం లేదు. మూడో ఆయనకు గట్టు తగాదా. వినుకొండ చేరేదాకా ఆవిడ బస్సులో నిలబడి సలహాలు చెబుతూనే ఉన్నారు.

దిగేటప్పుడు ఆ రైతు అడిగాడు. “ఇంతకీ ఏ కేసు మీద పోతన్నారమ్మా?”

“ఒక హిజ్రాకు పోలీసులు జుట్టు కోశారండి. ఆ కేసు.”

“వాళ్ళకి కూడా కేసులుంటాయా?”

“మీ విత్తనాలకు ఉన్నప్పుడు వాళ్ళ తలకు ఉండదా?” అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. కానీ మా సంచి అందుకుని కిందికి దించాడు.

పూలు పెట్టుకునే తలకాయలు

వినుకొండలో కొండ కింద ఒక మెస్సులో తిని, సంచులు లాడ్జిలో పడేసి సాయంత్రానికి ఆ మండల కేంద్రానికి వెళ్ళాం. బస్టాండు ఎదురుగానే స్టేషను. స్టేషను గేటుకు ఎదురుగా పూలబండి. బండి వెనక ఆదెమ్మ. ఆ సాయంత్రం జ్యోతి ఆమె దగ్గరే పూలు కొన్నది.

“ఏం చూశావమ్మా ఆ రోజు?” అన్నారు వసుంధర గారు.

“ఏం చూస్తాను? పూలమ్ముకునేదాన్ని, పూలు పెట్టుకునే తలకాయలు చూస్తా.”

“జ్యోతి తలకాయ చూశావా మరి?”

“చూడకేం! మూరన్నర కనకాంబరాలు. ‘మూర చాలదే నీ జడకి’ అని నేనే అన్నా. నా కాడ బేరమాడని మడిసి అదొక్కతే.”

“తెల్లారి?”

ఆదెమ్మ చెయ్యెత్తలేదు. గడ్డంతో గేటు వైపు చూపించింది. “ఆడ్నించి వచ్చింది. నెత్తిన కొంగేసుకుంది. గాలికి జారింది. మొక్కు గుండయితే నున్నగా ఉండి గంధం రాసుంటది గదా? అదేమో మేకలు మేసిన చేనులాగుంది.”

ఈ మాటలే ప్రమాణం చేసి చెప్పాలనగానే ఆమె చేతులు దారం మీద ఆగాయి.

“మీరు పొద్దున్నే పోతారు. నేను రేపు కూడా బండి ఈ గేటు ముందరే పెట్టుకోవాల.”

“నీ బండి జోలికి రారని నేను మాట ఇవ్వలేను ఆదెమ్మా,” అన్నారు వసుంధర గారు. “వస్తే మాత్రం దాని మీద కూడా కేసు వేస్తాను.”

“అంటే నాకు రెండు కేసులు! అదృష్టం పట్టింది.” ఆదెమ్మ పెద్దగా నవ్వింది. తరవాత తల వంచి ఇంకో మూర అల్లింది. నేను ఏదో అనబోతే వసుంధర గారు కళ్ళతోనే వారించారు. చివరికి ఆదెమ్మే అంది. “ఆ పొద్దు బస్టాండులో ఉన్నోళ్ళంతా చూశారు. టీ కొట్టోడు చూశాడు, కండక్టర్లు చూశారు. ఎవుడికీ కళ్ళు లేవంట. సరే, నాకున్నాయి. రాసుకోండి.”

వెంట తెచ్చుకున్న చిన్న టైపు మిషను మీద లాడ్జిలో కూర్చుని ఆమె చెప్పింది ఇంగ్లీషులో టైపు చేశాను. పొద్దున్నే ఆమె మొదటి బస్సుకు వినుకొండ వచ్చింది. నేను తెలుగులో చదివి వినిపిస్తే, “మేకలు మేసిన చేను అన్నాగా, అది రాయలేదేం?” అని నిలదీసింది. రాశాను. అప్పుడే అక్కడి నోటరీ ఎదుట వేలిముద్ర వేసింది.

ఒంగోలు లాడ్జి

ఒంగోలులో లాడ్జి గుమాస్తా మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

“మీరిద్దరూ ఏమవుతారండీ?”

“ఏమీ అవ్వం,” అన్నారు వసుంధర గారు. “అందుకే రెండు గదులు అడిగాం.”

ఏం పని మీద వచ్చామని కూడా అడిగాడు. చెప్పాం. చెప్పకుండా ఉంటే బావుండేది. “వాళ్ళని మాత్రం గదికి తీసుకురాబాకండి సార్. ఫ్యామిలీలు దిగే లాడ్జి ఇది,” అన్నాడు. అలా అని ఎక్కడ రాసుందో చూపించమన్నాను. లేదన్నాడు. అయితే రాసి గోడకు అంటించు, కింద నీ పేరు కూడా రాయి, నాకు పనికొస్తుంది అన్నాను. తాళాలు ఇచ్చి లోపలికి పోయాడు. మర్నాడు వేడినీళ్ళు ఆవిడ గదికి వచ్చాయి, నా గదికి రాలేదు. అది మరిచిపోయానని అతను అనుకుంటూ ఉండవచ్చు.

భోజనం మాత్రం ఒంగోలులో బాగుంది. మా గుంటూరులో విస్తట్లో అన్నం పడీపడకముందే పచ్చడి కలపాలి. నోరు మండకపోతే తిన్నట్టు కాదు. ఇక్కడ ముందు పప్పూ నెయ్యీ కలిపి కడుపు చల్లబడ్డాకే గోంగూర వైపు పోతారు. ముప్పై రూపాయల భోజనానికి మూడుసార్లు పెరుగు వేశారు. వడ్డించే అతను, “తినండి సార్, పల్చగా ఉన్నారు,” అన్నాడు. లాడ్జి వాడి మీద కోపం సగం తగ్గింది. సగమే.

చీర కప్పడం

సింగరాయకొండలో సరోజమ్మ ఇల్లు స్టేషనుకు అవతల, చివరి వరసలో ఉంది. సరోజమ్మ జ్యోతికి గురువు. జ్యోతిని పద్నాలుగేళ్ళప్పుడు ఒంగోలు రైల్వే ప్లాట్‌ఫారం మీద చూసి తెచ్చి పెంచింది ఆవిడే. అరవై దాటిన మనిషి, బక్కపల్చన, పెద్ద కుంకుమబొట్టు. ఇంట్లో ఆవిడ శిష్యులు ఏడుగురు ఉన్నారు. సీజనులో కల్లాల మీదికి వెళ్ళి పంటను దీవిస్తే ఒక్కో రైతు దోసెడు కాయలు ఒళ్ళో పోస్తాడట. జ్యోతి ఏటా ఆ మండల కేంద్రానికి పోయేదీ అందుకే. అలా వచ్చిన కాయలన్నీ వరండాలో పోసి ఉన్నాయి. అందరూ వాటి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు.

జ్యోతి లోపల్నుంచి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తలకు చేతిరుమాలు కట్టుకుంది. దాని అంచున అక్కడక్కడా జుట్టు మొలకలు కనిపిస్తున్నాయి. వసుంధర గారు ఆమెను చూడగానే ఇంకేమీ ఆలోచించలేదు. దగ్గరికి పిలిచి బొట్టుపెట్టారు. చీర మడత విప్పి భుజాల చుట్టూ వేసి, కొంగు తల మీదుగా కప్పారు. మా ఇళ్ళల్లో ఏ పెద్దావిడయినా అదే చేసి ఉండేది.

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరో గట్టిగా చప్పట్లు చరిచారు. అలాంటి చప్పట్లు దీవెనకు చరుస్తారు, తగాదాకూ చరుస్తారు. ఇది దీవెన కాదని నాకు కూడా తెలిసింది.

“ఎవరే నువ్వు?” అంది సరోజమ్మ. గొంతు పెంచలేదు. “నా గడపలో కూర్చుని నా బిడ్డకి చీర కప్పడానికి నువ్వెవరే?”

జ్యోతి గబగబా చీర తీసేసి చేతుల్లో పట్టుకుని, తల వంచుకుని మాకు చెప్పింది. “అమ్మా, మా దాంట్లో కొత్త మనిషిని శిష్యురాలిగా కలుపుకునేటప్పుడు గురువు ఇట్టా తలమీదుగా చీర కప్పుద్ది. పెద్దలందరి ముందర. మీరు కప్పారంటే నన్ను ఈ ఇంట్లోంచి మీ ఇంటికి తీసుకుపోతన్నట్టు.”

వసుంధర గారు ముప్పై ఏళ్ళుగా కోర్టుల్లో ఎవరికీ తల వంచలేదు. అప్పుడు మాత్రం తల వంచారు.

“తెలియక చేశారండీ,” అన్నాను నేను.

“తెలియక అని పోలీసోళ్ళు కూడా అంటారు,” అంది సరోజమ్మ. “ఇంటికొచ్చినోళ్ళు ముందు ఇంటి పెద్దని పలకరిస్తారు. మీరు తిన్నగా నా బిడ్డ కాడికి పోయారు. సంతకం కూడా దాన్నే అడుగుదామనుకున్నారు, అవునా? నేను ఈడ గోడననుకున్నారా? రేపు పెద్దలొస్తారు. పంచాయితీలో చెప్పుకోండి. అప్పటిదాకా ఆ కాగితం బయటికి తీయబాకండి.”

వెనక్కి ఒంగోలు వెళుతూ వసుంధర గారు ఒక్క మాటే అన్నారు. “జ్యోతి సంతకం పెట్టకపోతే ఆదెమ్మ గేటు ముందు ఒంటరిదైపోతుందండీ.” ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

పంచాయితీ

మర్నాడు ఒంగోలు నుంచి ఒకరు, కావలి నుంచి ఒకరు పెద్దలు వచ్చారు. వరండాలో చాప వేశారు. మిరపకాయలు అలాగే ఉన్నాయి. పంచాయితీ జరుగుతున్నంతసేపూ శిష్యులు తొడిమలు తీస్తూనే ఉన్నారు, అందరం దగ్గుతూనే ఉన్నాం. ఈసారి లోపలికి రాగానే మేమిద్దరం సరోజమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాం. “జీతే రహో,” అని ముక్తసరిగా దీవించింది.

వసుంధర గారు ముద్దాయి. ఆవిడ తరఫున మాట్లాడే వకీలును నేనే.

నేను వాదించాను. చీర పెట్టడం మా ఆచారమనీ, కొంగు కప్పింది జాలికొద్దీ అనీ, ముందు పెద్దావిడను పలకరించకపోవడం మాత్రం తప్పేననీ ఒప్పుకున్నాను. అంతటితో ఆగాల్సింది. నా స్వభావం ఊరుకోదు.

“అయితే అమ్మా, ఒక మాట. నిన్న ఎండన పడి వచ్చాం. ఈ ఇంట్లో మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అది కూడా రాసుకోవాలి పెద్దలు.”

వసుంధర గారు కళ్ళు మూసుకున్నారు. కావలి పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. సరోజమ్మ నన్ను తేరిపార చూసింది.

“నిన్నటి మంచినీళ్ళు ఇయ్యాల అడుగుతున్నావా?”

“పదేళ్ళయినా అడుగుతాను.”

“ఓయమ్మో! వీడు తప్పిపోయి ఎవరి కడుపునో పుట్టాడే. మన ఇంట్లో ఉండాల్సినోడు!” ఆవిడ నవ్వితే ముందు రెండు పళ్ళు లేవని తెలిసింది. “ఒరేయ్ టైపు బాబూ, కావలి పెళ్ళిలో నాకు ముందు వడ్డించకుండా ఇదిగో దీనికి వడ్డించారు. ఇందిరమ్మ ఉన్నప్పటి మాట. నేను మర్చిపోయాననుకుంటుంది ఇది.” కావలి పెద్దావిడ నవ్వడం ఆపేసింది. మాకు నీళ్ళు వచ్చాయి, వెంటనే మజ్జిగ కూడా వచ్చింది.

అప్పుడు పెద్దలు కాగితం చదవమన్నారు. నేను తెలుగు చేసి చదివాను. “ప్రసాద్ అనబడే జ్యోతి అను నేను, తండ్రి పేరు వెంకటేశ్వర్లు...”

“ఆగు,” అంది సరోజమ్మ. “ఆ వెంకటేశ్వర్లు పేరు దానిమీద ఎందుకుంది?”

“కోర్టు కాగితంలో తండ్రి పేరో భర్త పేరో ఉండాలండీ. పద్ధతి.”

“దేవుడికి మొక్కుందని పోలీసోళ్ళ కాగితం మీద సంతకం పెట్టింది ఆ పేరే గదా? ఒకే మనిషి ఆ కాగితంలో సాక్షి, ఈ కాగితంలో తండ్రా?” శిష్యులంతా తొడిమలు తీయడం ఆపారు. సరోజమ్మ చెప్పింది. “దీనికి ఆటలమ్మ పోస్తే వేపమండలతో విసిరింది నేను. స్టేషన్లోంచి వస్తే నీళ్ళు పోసింది నేను. ఇదే నేనడిగే తీర్పు. చీర కప్పిన తప్పుకి మీకు జరిమానా ఏందంటే, ఆ పేరు తీసి అక్కడ నా పేరు రాయండి. గురువు సరోజమ్మ అని. రాస్తే అది సంతకం పెట్టుద్ది. నేనూ దగ్గరుండి పెట్టిస్తా.” పెద్దలిద్దరూ సరేనన్నారు.

వసుంధర గారు దాచకుండా చెప్పారు. “అమ్మా, మీరన్నది న్యాయం. కానీ హైకోర్టు ఆఫీసు ఒప్పుకోదు. తిప్పి పంపిస్తారు. రోజులు పోతాయి. ఎన్ని రోజులు పోతే అంత ఆలస్యం ఎందుకయిందని వాళ్ళు అడుగుతారు. కేసు నీరుగారిపోవచ్చు.”

అందరూ మాట్లాడుతున్నారు. అసలు మనిషిని ఎవరూ అడగలేదని నాకు తోచింది. నేనూ అడగలేదు. జ్యోతి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

“నువ్వు చెప్పమ్మా,” అన్నాను.

జ్యోతి గురువు వైపు చూసింది. సరోజమ్మ తల ఊపింది.

“స్టేషన్లో మా నాయన వచ్చాడని చెబితే నన్ను విడిపించడానికొచ్చాడనుకున్నా,” అంది. “కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు ఆయనకి. నావైపు చూడకుండా సంతకం పెట్టి పోయాడు. జుట్టు పెరుగుద్దిలే సార్. ఆ పేరుంటే మాత్రం నేను పెట్టను.”

వసుంధర గారు నా వైపు తిరిగారు. “మిషను తీయండి కోటేశ్వరరావు గారూ.”

ఆ వరండాలోనే, ఎర్రటి కాయల గుట్ట పక్కన కూర్చుని మొదటి పేజీ మళ్ళీ టైపు చేశాను.

నోటరీ

ప్రమాణం ఒంగోలులో. కోర్టు వీధి చెట్ల నీడన బల్ల వేసుకున్న నోటరీ దగ్గరికి నలుగురం వెళ్ళాం. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. సరోజమ్మ వాళ్ళకేసి చూసి రెండు చప్పట్లు చరిచింది. పోయారు.

నోటరీ మొదటి వరస దగ్గరే ఆగాడు. “గురువేమిటండీ? ముప్పై ఏళ్ళలో ఇట్టాంటిది చూళ్ళా. తండ్రి పేరు ఏదో ఒకటి వేసి పట్రండి.”

“ఏదో ఒకటి వేస్తే అది అబద్ధపు ప్రమాణం కాదూ?” అన్నారు వసుంధర గారు. “ఈ మనిషి ఎవరో నాకు తెలుసు. గుర్తించి నేను సంతకం పెడుతున్నాను. మీరు చూడాల్సింది అంతే.”

“కుదరదమ్మా.”

ఇది నా సొంత పొలం. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “కుదరదని ఏ రూలులో ఉందో చూపించండి. చూపించలేకపోతే కుదరదని కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వండి. తొందరేమీ లేదు. మేము కూర్చుంటాం.”

సరోజమ్మ కూడా బల్ల పక్కన నేల మీద తాపీగా కూర్చుని తమలపాకు తీసింది. “మాకు కూర్చోవడం అలవాటేనయ్యా,” అంది.

ఆయన మమ్మల్ని చూశాడు, వెనక నిలబడిన బేరాలను చూశాడు. రాసి ఇవ్వడం కన్నా ముద్ర వేయడమే తేలికని ఆయనకు తోచింది. జ్యోతి ప్రమాణం చేసి సంతకం పెట్టింది. ఆమెకు రాయడం వచ్చు, ఏడో తరగతి దాకా చదివింది. ‘జ్యోతి’ అని తెలుగులో, గుండ్రంగా రాసింది. ముద్ర పడ్డాక సరోజమ్మ ఆ వరస ఎక్కడుందో వేలితో చూపించమంది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు రావు. చూపించాను. చాలాసేపు చూసి, “ఇంతేనా? చిన్నగా ఉందే,” అంది.

ఇంటికొచ్చాక

వచ్చేటప్పుడు చుట్టుదారి లేదు. ఒంగోలులో రైలెక్కి, చీరాల, బాపట్ల మీదుగా వచ్చేశాం. వసుంధర గారు ఆ కాగితాలు పట్టుకుని హైదరాబాదు వెళ్ళారు.

వారం తిరక్కుండానే హైకోర్టు ఆఫీసు రిట్‌ను తిప్పి పంపింది. అభ్యంతరం ఒకటే. పిటిషనరు తండ్రి పేరు లేదు, ‘గురువు’ అనే బంధుత్వం లేదు, సరిచేసి తీసుకురావాలి. ఆదెమ్మ వాంగ్మూలం మీద ఒక్క మాట అనలేదు. జుట్టు గురించి అనలేదు.

వసుంధర గారు ఫోనులో అన్నారు. “తండ్రి పేరు వేస్తే ఈ మధ్యాహ్నమే కేసుకు నంబరు పడుతుంది. ఒకసారి సింగరాయకొండకు ఫోన్ చేసి అడగండి. కక్షిదారు ఆమె. మనం కాదు.”

చేశాను. జ్యోతే తీసింది. జరిగింది చెప్పాను. వాళ్ళు రాసిన వరసను తెలుగులో చదివి వినిపించాను. ‘అటువంటి బంధుత్వం లేదు’ అన్న చోట, పక్కన ఎవరో ఏదో అడిగారు. జ్యోతి ఫోను పక్కకు పెట్టి వాళ్ళకు చెప్పింది. సరోజమ్మ గొంతు వినిపించింది గానీ మాటలు అందలేదు.

“మా అమ్మ అంటోంది, తన పేరు కోసం కేసు చెడగొట్టుకోవద్దంట. తీసేయమంటోంది,” అంది జ్యోతి.

“మరి నువ్వేమంటావు?”

అవతల రైలు పోతున్న చప్పుడు ఫోనులో నాకు కూడా వినిపించింది. అది పోయేదాకా ఆగి చెప్పింది.

“తీయబాకండి సార్. అదే కాగితం మళ్ళీ తీసుకెళ్ళి ఇయ్యండి.”

ఇచ్చాం.